తోకలేని పిల్లి

తలుపులు లేవు. టాపు లేదు. వాన వస్తే గొడుగు వేసుకుని కూచోవలసిందే. పెట్టె, పరుపుచుట్ట పెట్టుకుందామంటే చోటు లేదు. చూడడానికి పసిపిల్లలకు నీళ్ళుపోసే తొట్టికి నాలుగు లావుపాటి చక్రాలు బిగించినట్టు ఉంటుంది. ఇటువంటి మోటారుబండి ఒకటి 2020 మార్చి నెలలో అమెరికాలోని ఫ్లోరిడా రాష్ట్రంలో, అమీలియా ద్వీపంలో వేలానికి వచ్చింది. బోన్‌హామ్స్ అనే పేరుమోసిన వేలం కంపెనీవారు పాట పెట్టారు. పాట ఎక్కడ ఆగిందో చెప్పుకోండి చూద్దాం. 4,56,000 డాలర్లు! అప్పటి మారకం ప్రకారం మన రూపాయల్లో మూడుకోట్ల ముప్ఫైలక్షల దరిదాపు.

ఈ సంగతి మా ఆవిడతో చెబితే, "అంత డబ్బూ పుచ్చుకుని తలుపులన్నా పెట్టించి ఇవ్వరటండీ?" అన్నది.

న్యాయమైన ప్రశ్నే. జవాబు చెప్పాలంటే రెండు కథలు చెప్పాలి. ఒకటి సినిమా కథ. అది చిన్నది. రెండోది ఎడారి కథ. అది పెద్దది. పాటలో ధర పెంచింది మొదటిది. ఆ బండికి అసలు విలువ ఇచ్చింది రెండోది అని నా అభిప్రాయం.

సినిమా కథ ఇది. 1968లో హాలీవుడ్ వారి "ది థామస్ క్రౌన్ ఎఫేర్" అనే చిత్రం వచ్చింది. స్టీవ్ మెక్వీన్ నాయకుడు, ఫే డనవే నాయిక. నాయకుడు కోటీశ్వరుడు. ఉన్న డబ్బు చాలక కాదు, ఏమీ తోచక బ్యాంకు దోపిడీ చేయిస్తాడు. అతని గుట్టు బయటపెట్టడానికి ఇన్సూరెన్సు కంపెనీ తరఫున వచ్చిన యువతి నాయిక. ఇద్దరూ కలిసి సముద్రపుటొడ్డున ఇసుకదిబ్బలమీద ఈ బండిలో షికారు చేస్తారు. షికారంటే మన బీచి షికారు కాదు. దిబ్బ ఎక్కించి గాలిలోకి దూకించడం, నీళ్ళలోకి పోనిచ్చి తుంపరలు లేపడం! మెక్వీన్ నిజజీవితంలో కూడా మోటారు పందాలంటే పడిచచ్చే మనిషి. అందుచేత ఆ దృశ్యంలో బండి తానే నడిపాడు. దానికి చేయవలసిన మార్పులు కూడా దగ్గరుండి చెప్పి చేయించుకున్నాడు. మామూలు ఇంజను తీసేసి షెవ్రొలే కంపెనీవారి కార్వెయిర్ కారులో ఉండే ఆరు సిలిండర్ల ఇంజను పెట్టించాడు. హెడ్‌లైట్లను బండి ముక్కులోకి దింపి, వాటిమీద అద్దంలాంటి మూతలు వేయించాడు. చిత్రం అయిపోయాక ఆ బండి చేతులు మారింది, రూపు మారింది, చాలాకాలం మరుగున పడింది. చివరకు ఎవరో ఓపికమంతులు దాన్ని పట్టుకుని, సినిమాలో ఎలా ఉన్నదో అచ్చం అలాగే తీర్చిదిద్ది పాటకు పెట్టారు. ఇంతే.

ఇక ఎడారి కథ. దీనికి నాయకుడు సినిమా తార కాడు. పడవలు చేసే పనివాడు. పేరు బ్రూస్ మయర్స్. 1926లో కాలిఫోర్నియాలో పుట్టాడు. రెండో ప్రపంచయుద్ధంలో నౌకాదళంలో చేరి బంకర్ హిల్ అనే విమానవాహక నౌకమీద పనిచేశాడు. 1945 మే 11న ఒకినావా దగ్గర ఆ నౌకమీదికి రెండు జపాను విమానాలు ఆత్మాహుతిగా వచ్చి పడ్డాయి. నాలుగువందలమంది దాకా మాడి మసి అయ్యారు. మయర్స్ సముద్రంలో దూకాడు. తనకున్న లైఫ్ జాకెట్టు మరొకరికి ఇచ్చి, తాను ఈదుతూ ఇంకొకరిని ఆదుకున్నాడు. అప్పటికి అతనికి పందొమ్మిదేళ్ళు. చావు అంచుదాకా పోయి వచ్చినవాడు తర్వాతి జీవితమంతా ఆటగా గడపాలనుకున్నాడేమో! బొమ్మలు వేయడం నేర్చుకున్నాడు. సముద్రపు కెరటాలమీద పలక వేసుకుని జారడంలో పేరు తెచ్చుకున్నాడు. పొట్టకూటికి ఫైబర్‌గ్లాసు పడవలు తయారుచేసే కార్ఖానాలో కుదిరాడు.

ఈ ఫైబర్‌గ్లాసు సంగతి కాస్త వివరంగా చెప్పాలి. కథలో మేలూ కీడూ రెండూ దీనివల్లే వచ్చాయి. గాజును కరిగించి వెంట్రుకలాంటి పోగులు తీస్తారు. ఆ పోగుల్ని చాపలా పరుస్తారు. కావలసిన ఆకారానికి ముందుగా ఒక అచ్చు చేసుకుని, దానిమీద ఈ గాజుచాపను వేసి, చిక్కటి రసాయనపు జిగురుతో తడుపుతారు. దానిమీద మరో చాప, మళ్ళీ జిగురు. అది గట్టిపడ్డాక అచ్చునుంచి ఊడదీస్తే ఇనుపరేకుకంటె తేలికైన పెంకు వస్తుంది. తుప్పు పట్టదు. పెద్ద పెద్ద మరలు అక్కరలేదు. అప్పడాలు చేసుకునేపాటి జాగా, ఒక బకెట్టు, ఒక కుంచె ఉంటే చాలు. ఇందులో చిక్కేమిటంటే, తయారైన పెంకు మరొకడి చేతిలో పడితే వాడు దాన్నే అచ్చుగా పెట్టుకుని అలాంటివే మరి నాలుగు తీయగలడు. ఈ ముక్క గుర్తుపెట్టుకోండి.

ఆ రోజుల్లో కాలిఫోర్నియాలో పిస్మో బీచి అనే చోట ఇసుకదిబ్బలమీద కుర్రకారు పాత మోటార్లు తోలుతూ ఉండేవారు. ఎక్కువమందివి బరువైన అమెరికా కార్లు. పైభాగం పీకేసి, పెద్ద ఇంజను పెట్టినవి. అవి రంకెలు వేసేవి, ఇసుకలో దిగబడేవి. వాటి పక్కనే ఎవరో ఒకరు వోక్స్‌వాగన్ కారు ఇంజనుతో తేలికపాటి బండి ఒకటి కట్టుకుని, ఏమాత్రం ఆర్భాటం లేకుండా ఎగబాకిపోయేవారు. మయర్స్ కంటికి ఇది ఆనింది.

వోక్స్‌వాగన్ బీటిల్ కారును మన పట్నాల్లో కూడా పెద్దవాళ్ళు చూసే ఉంటారు. తాబేలు వీపులా ఉంటుంది. దాని ఇంజను ముందు ఉండదు, వెనక ఉంటుంది. తిరిగే చక్రాలూ వెనకవే. కనక బరువంతా తిరిగే చక్రాలమీదనే పడి, అవి ఇసుకను గట్టిగా పట్టుకుంటాయి. రెండో సుగుణం, ఆ ఇంజనుకు నీళ్ళు అక్కరలేదు, గాలితోనే చల్లబడుతుంది. ఎడారిలో పోయే బండికి రేడియేటరు లేకపోవడం ఎంత అదృష్టమో, ఎండాకాలంలో ఘాటు ఎక్కుతూ మధ్యలో ఆగి, బక్కెట్లతో నీళ్ళు పోయించుకునే పాతకాలపు బస్సుల్లో ప్రయాణం చేసినవారికి వేరే చెప్పనక్కరలేదు. మూడోది, బీటిల్ పైభాగాన్ని అడుగుపళ్ళానికి మరలతో బిగిస్తారు. మరలు విప్పితే పైభాగం మూకుడు తీసినట్టు వచ్చేస్తుంది. అడుగున చక్రాలూ, ఇంజనూ, స్టీరింగూ ఉన్న పళ్ళెం ఒకటి మిగులుతుంది.

మయర్స్ 1964 నాటికి తన ఇంటి షెడ్డులో మొదటి బండి తయారుచేశాడు. పడవలు చేసిన చెయ్యి కదా. పడవకు చేసినట్టే వంపులు తిప్పాడు. లావుపాటి టైర్లు ఆడడానికి వీలుగా మడ్‌గార్డులు ఎత్తుగా విల్లులా వంచాడు. మూతికి ఒక చిరునవ్వు పెట్టాడు. నిజంగానే ముందునుంచి చూస్తే బండి నవ్వుతున్నట్టే ఉంటుంది. అది యాదృచ్ఛికమని నేననుకోను. బొమ్మలు వేసే చెయ్యి కూడా అదే! ఎర్రరంగు వేశాడు కాబట్టి దానికి "ఓల్డ్ రెడ్" అని పేరు వచ్చింది. కంపెనీ పేరుకు మాత్రం ఐల్ ఆఫ్ మాన్ అనే దీవిలోని పిల్లిని ఎంచుకున్నాడు. ఆ దీవి పిల్లులకు తోక ఉండదు. వాటిని మాంక్స్ పిల్లులంటారు. ఈ బండికీ వెనక కోసేసినట్టు ఉంటుంది. కనక "మయర్స్ మాంక్స్". కత్తి పట్టుకున్న పిల్లి దీని ముద్ర.

మొదట చేసిన పన్నెండు బళ్ళకు అడుగుపళ్ళెం లేదు; పెంకే అస్థిపంజరం కూడా. చక్రాలూ ఇంజనూ నేరుగా దానికే తగిలించేవాడు. చాలా గట్టిది, చాలా అందమైంది. ఐతే చాలా శ్రమ. వెయ్యి డాలర్ల దరిదాపు ధర పెట్టినా లాభం మిగల్లేదు. అప్పుడు సులువు దారి ఆలోచించాడు. పాత బీటిల్ అడుగుపళ్ళాన్ని మధ్యలో కోసి, పద్నాలుగున్నర అంగుళాల ముక్క తీసేసి, మళ్ళీ అతికి, దానిమీద తన పెంకు బోర్లించడమే. పొట్టిబండి చటుక్కున తిరుగుతుంది, దిబ్బల నెత్తిన కడుపు ఆనకుండా దాటుతుంది. పెంకూ, దానికి కావలసిన సరంజామా ఐదువందల డాలర్ల లోపు. మిగతా పని కొనుక్కున్నవాడిదే. ఢీకొని పైభాగం చితికిన బీటిల్ ఒకటి చవగ్గా కొనుక్కుని, తండ్రీ కొడుకులు శని ఆదివారాలు షెడ్డులో కూచుని బిగించుకునేవారు. ఇవాళ కోట్లు పలుకుతున్న వస్తువు ఆనాడు చేతిలో పైకం లేని కుర్రాళ్ళ కోసం పుట్టినది. ఇది మరిచిపోకూడదు.

బండి వచ్చింది, బాగున్నది. ఐనా దాన్ని ఆటవస్తువుగానే చూసేవారు. దానికి పౌరుషం ఉన్నదని రుజువైంది బాహాలో.

అమెరికా పటం చూస్తే పడమటి తీరాన కాలిఫోర్నియా రాష్ట్రం కింద సన్నటి తొండంలా ఒక భూభాగం సముద్రంలోకి వేలాడుతూ కనిపిస్తుంది. అది మెక్సికో దేశంలోది. బాహా కాలిఫోర్నియా అంటారు. ఒకవైపు పసిఫిక్ మహాసముద్రం, మరోవైపు సింధుశాఖ, మధ్య ఎడారి. రాళ్ళు, ముళ్ళజెముడు, ఎండిపోయిన ఏళ్ళు, మెత్తటి పిండిలాంటి దుమ్ము. ఉత్తరపు కొసన టిహ్వానా, దక్షిణాన లా పాజ్. మధ్య దూరం 950 మైళ్ళ పైమాట. ఈ పొడుగునా తారురోడ్డు పడింది 1973లో. అంతకు ముందు చాలాభాగం బండిబాటలే. పెట్రోలు దొరికే చోట్లు వేళ్ళమీద లెక్కపెట్టవచ్చు.

1962లో హోండా కంపెనీ తమ కొత్త మోటారుసైకిలు ఎంత గట్టిదో చూపించుకుందామని డేవ్ ఎకిన్స్, బిల్ రాబర్ట్‌సన్ అనే ఇద్దరు రౌతుల్ని టిహ్వానానుంచి లా పాజ్‌కు పంపించింది. వాళ్ళ వెంట జడ్జీలు ఎవరున్నారు? అందుకని బయలుదేరేముందు తంతి ఆఫీసులో ఒక టెలిగ్రాం, చేరగానే మరో టెలిగ్రాం. దానిమీద పడ్డ వేళే సాక్ష్యం. ఎకిన్స్‌కు 39 గంటల 56 నిమిషాలు పట్టింది. ఆ రికార్డు ఐదేళ్ళు నిలిచింది.

1967 ఏప్రిల్‌లో మయర్స్, అతని మిత్రుడు టెడ్ మాంగెల్స్ కలిసి "ఓల్డ్ రెడ్" తీసుకుని లా పాజ్‌నుంచి ఎదురుదారిన ఉత్తరానికి బయలుదేరారు. ఇద్దరూ వంతులవారీగా తోలారు. ఎడారిలో రాత్రిపూట బాట ఏదో, ఏటి ఇసుక ఏదో తెలియదు. ఒక చీలిక తప్పితే గంటల కొద్దీ నష్టం. రాయి తగిలి ఇంజను అడుగు పగిలితే ఆ రాయి పక్కనే కాపరం పెట్టాలి! ఐనా 34 గంటల 45 నిమిషాల్లో టిహ్వానా చేరారు. మోటారుసైకిలుకంటె ఐదుగంటల పైచిలుకు ముందు. నాలుగు చక్రాల బండి, అందులోనూ నవ్వుమొహం పెంకుబండి, రెండు చక్రాల గుర్రాన్ని ఓడించిందన్న వార్త పత్రికల్లో పడేసరికి కుర్రకారు ఊగిపోయారు. నేనైతే ఇంతకంటె ఎక్కువకాలం, ఇంతకంటె తక్కువ దూరం, రైల్లో మెత్తటి బల్లమీద పడుకుని ప్రయాణం చేసి, దిగాక రెండురోజులు నడుం పట్టుకుని కూచున్నాను.

అందరికీ రికార్డు బద్దలుకొట్టాలన్న ఆశ పుట్టినప్పుడు ఎవరో ఒకరు పద్ధతిగా పందెం పెట్టాలి కదా. ఎడ్ పెర్ల్‌మన్ అనే ఆయన నోరా అనే సంఘం స్థాపించి, అదే సంవత్సరం నవంబరు 1న ఎన్సెనాడానుంచి లా పాజ్‌కు "మెక్సికన్ 1000" అనే పందెం పెట్టాడు. అరవై ఎనిమిది బళ్ళు వచ్చాయి. కార్లు, జీపులు, లారీలు, మోటారుసైకిళ్ళు. మొట్టమొదట లా పాజ్ చేరినది మాంక్సే. తోలినవారు విక్ విల్సన్, టెడ్ మాంగెల్స్. కాలం 27 గంటల 38 నిమిషాలు. ఈనాటికీ ప్రతి ఏడూ జరుగుతున్న బాహా 1000 పందేనికి పుట్టుక అది. మయర్స్ మరుసటి ఏడు అదే పందెంలో కొత్తరకం బండి తోలుతూ ప్రమాదంలో పడి కాళ్ళు విరగ్గొట్టుకున్నాడు.

విరిగిన కాళ్ళు అతుక్కున్నాయి. విరిగినది మరొకటి ఉన్నది. అది అతుక్కోవడానికి పాతికేళ్ళు పట్టింది.

గుర్తుపెట్టుకోమన్నాను చూడండి, ఆ గాజుపెంకు సంగతి? బండికి పేరు రాగానే ఊరూరా నకళ్ళు పుట్టుకొచ్చాయి. ఒక మాంక్స్ కొనడం, దానిమీద అచ్చు తీయడం, మడ్‌గార్డు ఒక అంగుళం మార్చడం, కొత్తపేరు పెట్టి చవగ్గా అమ్మడం. అమెరికాలోనే కాదు, ఐరోపాలో, దక్షిణ అమెరికాలో, ఆస్ట్రేలియాలో. మయర్స్ ముందుచూపు లేనివాడు కాడు, పేటెంటు తీసుకున్నాడు. నకలు చేసినవారిమీద దావా వేశాడు. కోర్టులో న్యాయాధిపతి, ఇందులో పేటెంటు ఇవ్వదగినంత కొత్తదనం లేదని పేటెంటే కొట్టివేశాడు. పాత కారు పీకి ఇసుకలో తోలడం అంతకుముందు ఉన్నదే కదా అన్నది వాదన. చట్టం సంగతి నాకు తెలియదుగాని, పిస్మో బీచిలో పదేళ్ళుగా ఎందరో పాత కార్లు పీకుతూనే ఉన్నా వాళ్ళలో ఒక్కరికి కూడా ఈ ఆకారం తట్టలేదు. తట్టినవాడికి దక్కినది లేదు. మయర్స్ కంపెనీ అమ్మినవి ఆరువేల దరిదాపు. లోకంలో తయారైన నకళ్ళు రెండున్నర లక్షల పైమాటే అని అంచనా. ఒకటికి నలభై!

దీనిపైన పన్నుల చిక్కులు, కంపెనీలో మాటపట్టింపులు. 1970లో మయర్స్ తన కంపెనీనుంచి తానే బయటికి నడిచాడు. 1971లో అది మూతపడింది. తర్వాత చాలా ఏళ్ళు బగ్గీ అనే మాట ఎత్తితేనే అతనికి గిట్టేది కాదు. 1994లో ఫ్రాన్సులోని బగ్గీ అభిమానులు తమ సమావేశానికి రమ్మని పిలిచారు. వెళ్ళాడు. చూస్తే వందలకొద్దీ బళ్ళు వరసగా నిలబెట్టి ఉన్నాయి. ఎక్కువభాగం నకళ్ళే. ఒక్కొక్కదాని పక్కనా భార్యాబిడ్డలతో యజమాని. అందరూ ఈయన చేయి పట్టుకోవడానికి ఎగబడ్డారు. తన బిడ్డను ఎత్తుకుపోయినవాళ్ళే దాన్ని అల్లారుముద్దుగా పెంచి, ఇదిగో నీ బిడ్డ అని చూపించినట్టు! కోపం నిలుస్తుందా? తిరిగి వచ్చాక భార్య విన్నీతో కలిసి మాంక్స్ క్లబ్బు పెట్టాడు. అసలు బళ్ళున్నవారితోబాటు నకలు బళ్ళున్నవారిని కూడా రానిచ్చాడు. కోర్టులో ఓడినవాడు గెలిచినవారికి అన్నం పెట్టడమంటే ఇదే కాబోలు. 2000 సంవత్సరంలో మళ్ళీ కంపెనీ తెరిచాడు.

ఇప్పుడు వేలంపాట దగ్గరికి వద్దాం. పాత మాంక్స్ బాగుచేసి అమ్మకానికి పెట్టామని ప్రకటన చూసిన షోకీను మొదట అడిగే ప్రశ్న, "అసలా, నకలా?" అని. రెండున్నర లక్షల నకళ్ళమధ్య ఆరువేల అసళ్ళు. పైకి చూస్తే కవలపిల్లలు. అందుచేత అసలైన వాటికి వరసనంబర్లు, రిజిస్టరు అవసరమయ్యాయి. పేరున్న బండికి పూర్వపు యజమానుల పరంపర, పాత ఫోటోలు, రసీదులు చూపించాలి. మన ఇళ్ళలో పెళ్ళిసంబంధం చూసేటప్పుడు ఏడుతరాలు వెతికినట్టే.

రెండో ప్రశ్న, బాగుచేయడం ఎంతవరకు? గాజుపెంకు తుప్పు పట్టదుగాని, ఎండకు పైపూత వెలిసి సన్నటి నెరియలు విచ్చుతుంది. వాటిని గీకి, మళ్ళీ జిగురు పట్టించి, నునుపు చేయాలి. అడుగుపళ్ళెం మాత్రం ఇనుము. బీటిల్‌లో బ్యాటరీ సీటుకింద ఉంటుంది. దాని ఆసిడ్ చెమ్మకు ఆ మూల మొదట తినేస్తుంది. అన్నిటికంటె ముఖ్యంగా చూడవలసినది, పద్నాలుగున్నర అంగుళాలు కోసి అతికిన చోటు. ఆ రోజుల్లో అతికినవారిలో చేయితిరిగినవారూ ఉన్నారు, మొదటిసారి వెల్డింగు పట్టుకున్న కాలేజీ కుర్రాళ్ళూ ఉన్నారు. అతుకు వంకరపోతే బండి పీతలా పక్కకు నడుస్తుంది. పళ్ళాన్ని పొట్టిచేసినప్పుడు గేరు కడ్డీ, బ్రేకు గొట్టాలు, తీగలు అన్నీ పొట్టిచేయాలి. కొందరు తీగను కొయ్యకుండా చుట్ట చుట్టి లోపల దోపేవారు. బాగుచేసేవాడు విప్పినకొద్దీ పాత యజమాని స్వభావం బయటపడుతూ ఉంటుంది.

అన్నీ విప్పి, కొత్తదానికంటె కొత్తగా మెరుగుపెట్టి పెడితే ధర పెరుగుతుంది. కాని ఎడారిలో పరుగెత్తి వచ్చిన బండికి పెంకుమీద రాళ్ళదెబ్బలు, అడుగున గీతలు ఉంటాయి. అవి దాని జాతకం. వాటిని పూడ్చి రంగు వేస్తే ఇక అది ఏ షోరూములోదో, బాహా ఎడారిలోదో ఎవడు చెప్పగలడు? సినిమా బండిని సినిమాలో ఉన్నట్టే తళతళలాడించడం సబబే. దాని గొప్పంతా ఆ తళతళలోనే ఉన్నది. పందెంబండిని అలా చేయడం, యుద్ధంనుంచి తిరిగివచ్చిన సిపాయి మొహాన గాయపు మచ్చలకు పౌడరు రాయడమని నాకు తోస్తుంది. దీనికి ఒప్పుకోనివారు చాలామంది ఉన్నారు. వారిదే డబ్బు కాబట్టి వారి మాటే చెల్లుతుంది.

ఎడారిలో తిరిగిన ఆ కాలపు బళ్ళలో మాంక్స్ కానిది ఒకటి చెప్పి తీరాలి. జనరల్ మోటార్స్‌లో పనిచేసిన విక్ హికీ అనే ఇంజనీరు, ఇనుపగొట్టాల చట్రంమీద బరువైన బండి ఒకటి కట్టాడు. వి-8 ఇంజను, నాలుగు చక్రాలకూ తిప్పుడు. పేరు "బాహా బూట్". ఇదే స్టీవ్ మెక్వీన్ దానిమీద 1969 బాహా పందెంలో పోటీచేశాడు. గెలవలేదు, దారిలో యంత్రం చెడింది. సినిమాలో ఎక్కినది తేలికబండి, నిజంగా పందెంలో ఎక్కినది బరువుబండి! ఆ బూటును కూడా తర్వాత వేలంలో ఒక ఆసామీ కొని, నడిచే స్థితిలో ఉంచుకుని, దాని పోలికతో కొత్త బళ్ళే కట్టిస్తున్నాడు.

"ఓల్డ్ రెడ్" మాత్రం వేలంపాటల గొడవల్లో పడలేదు. మయర్స్ దాన్ని దశాబ్దాల తరబడి తన దగ్గరే ఉంచుకుని స్వయంగా బాగుచేసుకున్నాడు. 2014లో అమెరికాలో చారిత్రక వాహనాల జాతీయ రిజిస్టరు ప్రారంభించినప్పుడు మొదటి పేరు షెల్బీ డేటొనా అనే పందెపు కారుది. రెండో పేరు ఈ పెంకుబండిది. దాని కొలతలు, ఫోటోలు, చరిత్ర రాసి లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్‌లో భద్రపరిచారు. పేటెంటుకు తగినంత కొత్తదనం లేదని ఒక కోర్టు చెప్పిన వస్తువును, దేశచరిత్రలో దాచుకోదగినదని మరో సంస్థ చెప్పడానికి నలభై ఏళ్ళు పైన పట్టింది.

పెర్ల్‌మన్ కుమారుడు నోరా సంఘాన్ని మళ్ళీ లేవదీసి, 2010లో పాతకాలపు బళ్ళకోసం మెక్సికన్ 1000 పునఃప్రారంభించాడు. బాగుచేసిన బగ్గీలున్నవారికి ఇది పెద్ద పరీక్ష. షెడ్డులో గుడ్డకప్పి ఉంచితే ధర పెరుగుతుంది. ఎడారికి తీసుకుపోతే మొదటిరోజే రాయి తగిలి వేలడాలర్ల రంగు లేచిపోతుంది. ఐనా తీసుకుపోయేవారున్నారు.

మయర్స్ దంపతులు 2020లో తమ కంపెనీని కొత్తవారికి అమ్మివేశారు. 2021 ఫిబ్రవరి 19న తొంభైనాలుగో ఏట మయర్స్ కాలిఫోర్నియాలో మరణించాడు. 2022లో కొత్త యజమానులు విద్యుత్తుతో నడిచే మాంక్స్‌ను ప్రకటించారు. అదే నవ్వుమొహం, అవే ఎత్తు మడ్‌గార్డులు. పెట్రోలు టాంకి లేదు. వెనక బీటిల్ ఇంజను టకటకలు కూడా లేవు. చప్పుడు చేయకుండా పోతుంది. మాంక్స్ క్లబ్బులోని పాతకాపుల్లో కొందరికి ఆ ఒక్కటి మాత్రం మింగుడుపడి ఉండదనుకుంటాను.